మునగదన్న రాయి

ట్రక్కు లైట్‌హౌస్ కింద ఆగేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. గుజరాత్ తీరం, జనవరి నెల. ఎండ చురుక్కుమంటోంది, గాలి మాత్రం చలిది. ఎదురుగా సముద్రం ఉంటుందని దారి పొడవునా అనుకుంటూ, గుండె చిక్కబట్టుకుని కిందికి దూకాను. సముద్రం లేదు. కనుచూపు మేర నల్లటి బురద, అక్కడక్కడ రాళ్లు, పక్కకు ఒరిగి పడి ఉన్న చేపల పడవలు. నీళ్లు ఏమయ్యాయని లైట్‌హౌస్ కాపలాదారును అడిగాను. ఆయన నవ్వి, తొందరెందుకు, సాయంత్రానికి వాటంతటవే వస్తాయి అన్నాడు.

వచ్చాయి. చప్పుడు లేకుండా వచ్చాయి. మేం టెంట్లు వేసుకున్న దిబ్బకు కాస్త దూరంలో ఆగాయి. ఒరిగి ఉన్న పడవలు లేచి నిలబడి ఊగుతున్నాయి. ఆ పూట నేను నీళ్లకు వీపు తిప్పి కూర్చుని రొట్టె తిన్నాను.

గద్వాలలో ఇప్పుడు చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటే చాలు, మిలిటరీల ఏం చూసినవన్నా, బాంబులు పడ్డయా అని ఎవరో ఒకరు అడుగుతారు. నేను సర్వే విభాగం మనిషిని. పదిహేనేళ్ల నౌకరీలో తుపాకి కంటే దుర్భిణినే ఎక్కువ మోశాను. చచ్చేంత భయపడ్డది ఒక్కసారే, అక్కడ శత్రువు లేడు. ఆ మాట చెప్పగానే వాళ్ల మొహాలు చప్పబడిపోతాయి. ఈసారి మొత్తం చెబుతాను. విసుగొస్తే చాయ్ తాగేసి లేవండి, నేనేమీ అనుకోను.

నాది అలంపూర్. రెండువేల తొమ్మిది వరదలో మా ఇల్లు మునిగింది. మేమంతా మిద్దె మీదికి ఎక్కాం. మా మేనమామ నాలుగిళ్ల అవతల ఇంకో మిద్దె మీద ఉన్నాడు. ఆయన తుంగభద్రను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదిన మనిషి. అమ్మ ఏడుస్తోందని చూడలేక, ఈదుకుంటూ వస్తానని నీళ్లలోకి దిగాడు. మా కళ్ల ముందే గల్లీ మలుపు దగ్గర సుడి ఆయన్ను లాక్కుపోయింది. వరద తీశాక కంపచెట్లలో దొరికాడు. మిద్దెలు వదలని వాళ్లం అందరం బతికాం. మరుసటి ఏడాది సైన్యంలో చేరాను. సర్వేలో వేశారు. కొండలు, ఎడారులు కొలిచే పని, నీళ్లతో నాకేం సంబంధం అని నిమ్మళంగా ఉన్నాను. ఇన్నేళ్లకు సముద్రం ఒడ్డుకు తెచ్చి దింపారు.

మా దళంలో పేర్లతో పిలుచుకోవడం తక్కువ. ఊరి పేరే మనిషి పేరు. నేను అలంపూర్. స్టాఫ్ పట్టేవాడు కొల్లాపూర్. స్టాఫ్ అంటే అంకెలు వేసిన పొడవాటి కొలబద్ద. దాన్ని గుర్తు మీద నిటారుగా నిలబెట్టడం అతని పని, దూరం నుంచి దుర్భిణిలో ఆ అంకెలు చదవడం నా పని. కొల్లాపూర్ నాకంటే రెండేళ్లు చిన్న. వాళ్ల ఇంట్లో మామిడి తోటలు గుత్తకు పడతారు. మనిషి బంగారం, నోరు మాత్రం జాతర. కృష్ణ నిండుగా పారుతుంటే సోమశిల దగ్గర పందెం కాసి ఈదానని ప్రతి క్యాంపులో చెప్పేవాడు. ఒక్కో క్యాంపుకు నది ఇంకొంచెం వెడల్పయ్యేది. మాటలు కోటలు దాటతయ్ అని నేను ఏడిపిస్తే, ఈతకు మించిన లోతు లేదన్నా అని మీసం మీద చెయ్యి వేసేవాడు.

మా పెద్ద హవల్దార్ సాబ్. తమిళుడు, కోపిష్టి, పనిలో రాక్షసుడు. వచ్చిన పొద్దే మా పని ఏమిటో చెప్పాడు. లైట్‌హౌస్ పునాదిలో ఎత్తు తెలిపే గుర్తు ఒకటి ఉంది. తెల్లదొరల కాలంలో సముద్రంలోని ఒక రాయి మీద ఇంకో గుర్తు చెక్కారు. ఆ సీమలో భూకంపాలు వచ్చాయి, నేల కుంగి ఉండొచ్చు. రెండు గుర్తుల మధ్య ఎత్తు తేడా మళ్లీ కొలిస్తే కుంగిందో లేదో తేలుతుంది. రాయి గురించి పాత వివరాల్లో ఉన్న మాట కూడా చదివి వినిపించాడు. పోటు వచ్చినా ఆ రాయి నెత్తి మునగదు అని అందులో ఉంది. నేను రెండోసారి చదవమన్నాను. సాబ్ నా మొహం చూసి, భయమా అన్నాడు. లేదు సాబ్ అన్నాను.

వారం రోజులు లైట్‌హౌస్ నుంచి ఒడ్డు దాకా కొలుచుకుంటూ వచ్చాం. కాపలాదారు రోజూ సాయంత్రం మెట్లెక్కి దీపం చూసి వచ్చేవాడు. పైకి రమ్మని, చూడముచ్చటగా ఉంటుందని పిలిచేవాడు. సెలవుల్లో పట్నం జనం వచ్చి ఫోటోలు దిగే చోటు అది. నేను ఎక్కలేదు. కింద నుంచి చూస్తేనే నీళ్లు చాలా ఉన్నాయి.

మిగిలింది చివరి కొలత. ఒడ్డుకూ రాయికీ మధ్య రెండు వందల మీటర్ల కాలువ లాంటి పల్లం. ఆటు సమయంలో అందులో బురద తప్ప ఏమీ ఉండదు. తెల్లవారేసరికి నీళ్లు పూర్తిగా తీసి ఉంటాయి, కొల్లాపూర్ నడిచి వెళ్లి రాయెక్కాలి, నేను ఒడ్డు నుంచి చదవాలి. ముందురోజు కొల్లాపూర్ నసిగాడు.

"రేపు అమావాస్యన్నా. అమావాస్యనాడు మా దిక్కు కాడి గూడ కట్టరు."

నాకు నవ్వొచ్చింది. సాబ్‌తో చెప్పు, ముహూర్తం మారుస్తాడు అన్నాను. మా నదులకు అమావాస్యతో పని లేదు. పైన వాన పడితే నీళ్లొస్తాయి, లేకపోతే లేదు. సముద్రానికి అమావాస్య అంటే ఏమిటో మా ఇద్దరికీ తెల్వదు. సాబ్ దగ్గర పోటు వేళల కాగితం ఉంది. ఎనిమిదిన్నరకల్లా తిరిగి వచ్చేయమన్నాడు. ఆలస్యమైతే రాయి మీదే కూర్చోమన్నాడు, అది మునగదు కదా.

పొద్దు పొడవక ముందే బయలుదేరాం. కొల్లాపూర్ స్టాఫ్ భుజాన వేసుకుని, మెడలో వాకీటాకీ, సంచిలో నీళ్ల సీసా, బిస్కెట్లు పెట్టుకుని బురదలో దిగాడు. మోకాలి దాకా కూరుకుపోతూ వెళ్లి రాయెక్కి చెయ్యి ఊపాడు. ఆ రాయి నెత్తి నులక మంచమంత ఉంటుంది. నేను ఒడ్డున దుర్భిణి నిలబెట్టి, దానికి ఎండ తగలకుండా గొడుగు పాతాను. దుర్భిణికి గొడుగు, నాకు ఎండ. సర్వేలో మర్యాద అట్లాగే ఉంటుంది.

మా ఊళ్లలో వరద వచ్చినప్పుడు చేసే పని ఒకటుంది. నీళ్ల అంచున పుల్ల గుచ్చుతారు. పుల్ల తడిస్తే నీళ్లు ఎక్కుతున్నట్టు. అరగంట పొడిగా నిలిచిందంటే ముసలివాళ్లు ఇగ తీస్తది అని బీడీ ముట్టిస్తారు. అలంపూర్‌లోనూ అంతే, కొల్లాపూర్‌లోనూ అంతే. అందుకే పుల్ల గుచ్చమని నేను చెప్పనక్కర్లేకపోయింది. రాయి అవతల నీళ్ల అంచున అతనే గుచ్చాడు. నేను చదువుతున్నాను, మధ్యమధ్య పుల్ల సంగతి అడుగుతున్నాను. పొడిగనే ఉందన్నా అంటాడు. మళ్లీ అడుగుతాను. పొడిగనే ఉంది. అరగంట దాటింది. నిమ్మళపడ్డాను. నది అయితే అక్కడితో గండం గడిచినట్టే. సముద్రం కింద దాకా పోయి, తిరిగి వచ్చే ముందు కాసేపు ఊపిరి పీల్చుకుంటుందని ఎవరూ మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

మొదటి విడత అంకెలు రెండో విడతతో కలవలేదు. అంత దూరాన గాలి కదిలితే అంకె కూడా కదిలినట్టు కనిపిస్తుంది. మూడో విడత మొదలుపెట్టాను. పని మధ్యలో స్టాఫ్‌వాడు గుర్తు మీద నుంచి కదలకూడదు. కదిలితే మొత్తం మొదటికొస్తుంది. దుర్భిణి దగ్గరి మనిషి కుడిచెయ్యి నిటారుగా పైకెత్తితేనే అతనికి విడుదల. ఎత్తేదాకా పాము మీదికొచ్చినా నిలబడాల్సిందే. అది సాబ్ పెట్టిన నియమం కాదు, మా పనికి మొదటి నుంచీ ఉన్న నియమం.

కంటికి నీళ్లు తిరుగుతుంటే దుర్భిణి నుంచి తల తీశాను. నాకూ రాయికీ మధ్య బురదలో వెండి తీగలాగా ఏదో మెరిసింది. ఎండ అనుకున్నాను. మళ్లీ చూసేసరికి అది కదులుతోంది. నీళ్లు ముందు నుంచి రాలేదు, పక్క నుంచి పల్లంలోకి దూరి అతని వెనకగా వచ్చాయి. వాకీటాకీ నొక్కి వెనక్కి చూడమన్నాను. అతను చూశాడు.

"కాల్వ నిండుతుందన్నా. నడుమంత ఉంటదేమో. ఈదుకుంట రానా?"

నీళ్లు పల్లంలో సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. ఒక కర్ర దుంగ కొట్టుకొచ్చింది. మనిషి పరుగెత్తినా దాన్ని అందుకోలేడు. మా మామ గల్లీ మలుపు దగ్గర చెయ్యి పైకెత్తడం నా కళ్ల ముందు ఆడింది.

"వద్దు. ఆడనే ఉండు. రాయి మునగదు."

"ఉండాల్నా?"

"చెప్తున్న గద. రాయి ఇడువకు."

"సరే. నువ్వు చెప్పినవని ఉంటున్న."

సాబ్‌కు వాకీటాకీలో చెప్పాను. ఆయన కూడా ఉండమనే అన్నాడు. పాత వివరం మీద ఆయనకంత నమ్మకం. కొల్లాపూర్ రాయి మీద కూర్చుని బిస్కెట్లు తిన్నాడు. ఇంటికాడ జాతరకు పోయినట్టుందని హాస్యమాడాడు. నేను కూడా నవ్వినట్టు గుర్తు. పది దాటేసరికి రాయి చుట్టూ ఎటు చూసినా నీళ్లే. గాలి లేచింది. పదకొండవుతుండగా అతను లేచి నిలబడ్డాడు.

"అన్నా, పాదాలు తడుస్తున్నయ్. మునగదంటిరి?"

సాబ్ పరుగెత్తుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. వెనకే కాపలాదారు. కొల్లాపూర్ ఎక్కడ నిలబడ్డాడో చూడగానే కాపలాదారు తల బాదుకున్నాడు. ముందురోజు పట్నం పోయి రాత్రికి గానీ రాలేదట, మేం ఇవాళ రాయి మీదికి పోతామని తెలియదట. అమావాస్య పోటు మామూలు పోటు కాదు, మనిషిని మించి లేస్తుంది అన్నాడు. పడవలన్నీ వేటకు పోయాయి. ఒకటే ఉంది, తారు పూయడానికి ఒడ్డు మీదికి బాగా ఎత్తుగా లాగి పెట్టింది. సాబ్, కాపలాదారు, ఇద్దరు బెస్తవాళ్లు దాన్ని నెట్టడానికి పోయారు. అది కదలడం లేదు. నీళ్లు దాని అడుగుకు తగిలితే గానీ తేలదు. ఏ నీళ్లు వాడి మీదికి ఎక్కుతున్నాయో ఆ నీళ్లే ఇంకొంచెం ఎక్కాలి. నాకు పిచ్చెత్తినట్టయింది. త్వరగా రావాలని కోరుకోవాలా, రాకూడదని కోరుకోవాలా?

నన్ను దుర్భిణి వదలొద్దన్నాడు సాబ్, వాణ్ని చూస్తూ ఉండు, మాట్లాడుతూ ఉండు అన్నాడు. నేను కన్ను పెట్టాను. దుర్భిణిలో మనిషి పక్కనే ఉన్నట్టు కనిపిస్తాడు. స్టాఫ్ ఇంకా గుర్తు మీదే ఉంది. నీళ్లు దాని మీద ఏ అంకెను తాకుతున్నాయో స్పష్టంగా కనబడుతోంది. నా పని అంకెలు చదవడం, కళ్లు వాటంతటవే చదివేస్తున్నాయి. ఇరవై సెంటీమీటర్లు. కెరటం వచ్చి పోయింది. ముప్పై. యాభై. వద్దనుకున్నా చదువుతున్నాను. మోకాళ్లు మునిగాయి.

"ఏదో ఒకటి చెప్పన్నా. రానా, ఉండనా?"

ఆ ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. రమ్మంటే మా మామ పోయినట్టు పోతాడు. ఉండమంటే ఆ రాయి మీదే మునుగుతాడు. మిద్దె మునగలేదు కాబట్టి మేం బతికాం, ఈ రాయి మునుగుతోంది. అయినా పల్లంలో నీటి వడి చూస్తే నా నోటికి ఒక్క మాటే వచ్చింది.

"ఉండు. బోటు వస్తది. స్టాఫ్ గట్టిగ పట్టుకో."

అతను ఏదో అనబోయాడు. పెద్ద కెరటం ఒకటి నడుము దాకా కొట్టింది. వాకీటాకీ గరగరమని ఆగిపోయింది. ఎంత నొక్కినా పలకలేదు. అరిచాను. గాలి నా మొహం మీదికి వీస్తోంది, నా అరుపు నాకే సరిగా వినపడలేదు.

ఇక మా ఇద్దరికీ మిగిలింది ఒకటే సైగ. నా కుడిచెయ్యి. ధైర్యంగా ఉండరా తమ్మీ అని చెయ్యి ఊపాలనిపించింది. ఊపితే? అతనికి ఆ చేతికి ఒకే అర్థం తెలుసు. గుర్తు వదిలి వచ్చెయ్ అని. ఏళ్ల తరబడి అతను ఆ చెయ్యి చూసి మాత్రమే కదిలాడు. చెయ్యి లేస్తే స్టాఫ్ ఎత్తుకుని నీళ్లలోకి దిగుతాడు. నా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పొట్టకు అదుముకున్నాను. నిలబడ్డవాణ్ని నిలబడ్డట్టే ఉన్నాను. కాళ్లు దుర్భిణికి తగులుతాయేమోనని వెనక్కి జరిగి మళ్లీ ముందుకు వచ్చాను. అతను నా వైపే చూస్తున్నాడు. మామూలుగా పని నడిచేటప్పుడు చూసినట్టే చూస్తున్నాడు. ఎనభై. తొంభై. నీళ్లు నడుము దాటాయి. రెండు చేతులతో స్టాఫ్‌ను కౌగిలించుకున్నాడు. కెరటం మీదికొచ్చినప్పుడు మనిషి కనపడడు, స్టాఫ్ కనపడుతుంది. కెరటం దిగగానే మనిషి కనపడతాడు. మా ఊరి జోగులాంబకు మొక్కాను, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. మీటరు దాటింది.

అప్పుడు వెనక అరుపులు వినపడ్డాయి. పడవ తేలింది. బెస్తవాళ్లు నేరుగా పోలేదు, వడికి ఎగువన చాలా దూరం పోయి, అక్కడి నుంచి దాన్ని ప్రవాహంతో పాటు రాయి మీదికి వదిలారు. ఒకడు గడ వేసి ఆపాడు, ఇంకొకడు కొల్లాపూర్ చొక్కా పట్టి పైకి లాగాడు. స్టాఫ్‌ను వదలకపోతే దాన్నీ కలిపి లాగారు. నేను దుర్భిణి పక్కన బురదలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు.

ఒడ్డుకు తెచ్చేసరికి అతని పెదవులు నీలం తిరిగాయి, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. కంబళ్లు కప్పాం. నన్ను చూసి మొదట అడిగిన మాట ఇది.

"రీడింగ్ వచ్చిందా అన్నా?"

సాబ్ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆ మనిషి ఏడవడం అదొక్కసారే చూశాను. తర్వాత లెక్క కట్టాం. ఆ రాయి పాత ఎత్తు కంటే జానెడు పైనే కుంగింది. మిగతాది అమావాస్య పోటు. పాత వివరం రాసిన మనిషి అమావాస్యనాడు అటు పోలేదో, అప్పుడు నేల ఇంకా ఎత్తుగా ఉండేదో ఎవరికి తెలుసు. మేం తెలుసుకోవడానికి వచ్చిందే అది. రాయి కుంగిందేమో చూడమంటే, కుంగలేదని నమ్మి మనిషిని దాని మీద నిలబెట్టాం.

మార్చిలో సెలవు దొరికింది. రైలు కృష్ణ వంతెన మీద పోతుంటే కళ్లు మూసుకున్నాను. రాయచూరులో దిగి బస్సెక్కాను. ఇంట్లో అమ్మ, నది గట్టుకు పోయి తానం చేసి రమ్మంది. బావి నీళ్లు చాలన్నాను. ఆమె మళ్లీ అడగలేదు, మామ గుర్తొచ్చాడనుకుని ఉంటుంది.

ఇప్పుడు మేమిద్దరం నౌకరీ వదిలేశాం. అతను కొల్లాపూర్‌లో తోటలు గుత్తకు పడుతున్నాడు. నేను గద్వాలలో ఉండి వనపర్తి, నాగర్‌కర్నూలు దాకా పోయి కాలువలకూ ప్లాట్లకూ ఎత్తులు చూస్తాను. ఈ ఎండాకాలం అతని తోటకు పోయాను. కాయలు కోసి గడ్డిలో పేరుస్తున్నారు. అతని భార్య వచ్చి, బిడ్డను మా తమ్మునితోని బాయికి పంపుతున్న, ఈత నేర్పిస్తడంట అని చెప్పి పోయింది. నాకు ఆశ్చర్యమైంది. సోమశిల ఈతగాడివి ఇంట్లో ఉండగా బామ్మర్దితో పనేందిరా అన్నాను. కొల్లాపూర్ చేతిలో కాయను అటూ ఇటూ తిప్పాడు.

"నాకు ఈత రాదన్నా."

నాకు వెంటనే ఎక్కలేదు. పందెం, కృష్ణ, అవన్నీ ఏమిటని అడిగాను. నలుగురిలో ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా అన్నాడు. మళ్లీ అడిగాను.

"మరి ఆ పొద్దు నేను రమ్మంటే ఏం చేస్తుంటివి?"

"దుంకేటోన్నే. వాకీటాకీల సాబ్ వింటుండు, అందరు వింటున్రు. ఈత రాదని ఎట్ల చెప్త?"

అంతే అన్నాడు. మళ్లీ కాయలు పేర్చడంలో పడ్డాడు. నేను నా కుడిచెయ్యి వైపు చూసుకున్నాను. వాకీటాకీ పోయాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా చెయ్యి భుజం దాకా లేచింది. లేచిందని ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నా దగ్గర స్టాఫ్ పట్టే మనిషి మానవపాడు వాడు. మంచి పనివాడు. మొన్న ఒక ఎండిన కాలువ అడుగున నిలబెట్టాను. చదవడం అయిపోయింది. అతను నా చేతి కోసం చూస్తున్నాడు. అయిపోలేదా సార్ అని కేక వేశాడు. నేను దుర్భిణిని కొంచెం కిందికి దించి అతని పాదాలు చూశాను. ఎర్రమట్టి, ఎండిన తుమ్మ ముళ్లు, పాత చెప్పులు. చుట్టూ చూశాను, వెనక చూశాను. పొడిగానే ఉంది. అప్పుడు చెయ్యెత్తాను.